వాన రాకడ, వ్యాపారపు లెక్క

"వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెరుక" అని మన పెద్దల సామెత. ఎరుక లేదనుట నిజమే. కాని ఎరుక లేదు గనుక లెక్క వేయనక్కర లేదని పెద్దలు చెప్పలేదు. వాన ఎప్పుడు వచ్చునో తెలియని రైతే, తొలివిత్తు ఎండిపోయినచో మలివిత్తుకు కావలెనని గింజలు దాచి యుంచుకొనును. వాన సకాలమున వచ్చినచో ఇట్లు, ఆలస్యమైనచో ఇట్లు, కోతల వేళ కురిసినచో మరియొకట్లు అని మూడు దారులు ముందుగా తలపోసికొనుట అతని సేద్యములో ఒక భాగము. ఈ పనినే నేడు పెద్ద బ్యాంకులును, బీమా కంపెనీలును, కర్మాగారములును కాగితముపై అంకెలతో చేయుచున్నవి. వారు దానిని "క్లైమేట్ సినారియో" అనుచున్నారు. ఆ పద్ధతి ఎట్టిదో, జూబిలీ హిల్సు, ఫిలిం నగరులలో నెలకొనియున్న మన చలనచిత్ర పరిశ్రమకు అది ఏ విధముగ ఉపయోగపడునో ఈ ప్రసంగములో విన్నవించెదను.

సినారియో అను మాట సినిమావారికి క్రొత్తది కాదు. ఇటలీ దేశపు నాటకరంగమున పుట్టి, సినిమా పుట్టిన తరువాత చిత్రకథను దృశ్యములుగా విడదీసి వ్రాసిన ప్రతికి పేరైనది. 1950 దశాబ్దమున అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో హెర్మన్ కాన్ అను పండితుడు, రేపు యుద్ధము వచ్చినచో ఏమగునో అని పలు విధముల కథలు కల్పించి, వాటిని ప్రభుత్వము ఎదుట ఉంచుచుండెను. ఆ కథలకు పేరు కావలసివచ్చినపుడు, సినిమాలకు వ్రాసిన అనుభవము గల లియో రోస్టెన్ అను రచయిత "సినారియో" అను మాటను సూచించెనని చెప్పుదురు. హాలీవుడ్డులో అప్పటికే ఆ మాట పాతబడి, దాని స్థానమున "స్క్రీన్‌ప్లే" వాడుకలోనికి వచ్చియుండెను. సినిమావారు విడిచిన మాటను ఆ విధముగ ప్రణాళికలు వేయువారు తీసికొనిరి. 1970 దశాబ్దారంభమున షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్ అను నతడు ఈ పద్ధతిని వ్యాపారమునకు అన్వయించెను. చమురు ధర ఒక్కసారిగ పెరిగినచో ఏమి చేయవలెనో ఆ కంపెనీవారు ముందుగనే ఆలోచించియుండిరి. 1973లో ధర నిజముగానే పెరిగినపుడు ఆ ఆలోచన వారికి అక్కరకు వచ్చెను.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. జోస్యము ఒకే సంగతిని చెప్పును. అది జరిగిన నిజము, జరుగనిచో అబద్ధము. సినారియో అట్టిది కాదు. ఇట్లు జరుగునని అది చెప్పదు. ఇట్లు జరిగినచో మీ యిల్లు, మీ అంగడి, మీ అప్పు ఏ స్థితిలో నుండునని అడుగును. అందుచేత సినారియో ఎన్నడును ఒంటరిగా రాదు. కనీసము మూడు నాలుగు కలిసి వచ్చును. ఒకే కథను నమ్ముకొని లెక్క వేయువాడు జోస్యమును నమ్ముకొన్నవాడే యగును.

శీతోష్ణస్థితికి సంబంధించిన కథలను ప్రపంచమునకు అందించునది ఐ.పి.సి.సి. అను పేర ప్రసిద్ధమైన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము. మానవులు బొగ్గును, చమురును ఎంత త్వరగా తగ్గింతురను దానిని బట్టి వారు 2021 నివేదికలో ఐదు మార్గములను ముఖ్యముగ చర్చించినారు. యంత్రయుగమునకు పూర్వపు వేడితో పోల్చినపుడు, ఈ శతాబ్ది చివరి ఇరువది యేండ్లలో భూమి సగటు వేడి మిక్కిలి మేలైన మార్గమున 1.4 డిగ్రీలు, మిక్కిలి కీడైన మార్గమున 4.4 డిగ్రీలు పెరిగియుండునని వారి అంచనా. ఈ రెంటికి నడుమ గల అంతరము చాల పెద్దది. కాని 2041 మొదలు 2060 వరకు గల కాలమును చూచినచో ఆ అంచనాలు 1.6 నుండి 2.4 డిగ్రీల లోపలనే ఉన్నవి. సినిమా భాషలో చెప్పవలెనన్న, ఐదు చిత్రములకును ప్రథమార్ధము ఇంచుమించు ఒక్కటే. విశ్రాంతి తరువాతనే కథలు విడిపోవుచున్నవి.

వ్యాపారికి ఇందులో గొప్ప పాఠము కలదు. రాబోవు ఇరువది యేండ్లకు లెక్క వేయువాడు "ఏ మార్గము నిజమగునో తేలిన తరువాత చూతములెమ్ము" అని కూర్చుండుటకు వీలు లేదు. ఆ మొదటి భాగము ఏ మార్గమునందైనను వచ్చునదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది ఇముడ్చుకొనగల నీటి ఆవిరి సుమారు 7 శాతము పెరుగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. అందుచేతనే కురిసిన నాడు కుండపోతగా కురియుట ఎక్కువగుచున్నది. మొత్తము మీద వాన పెరుగునా తరుగునా అను ప్రశ్న కంటె, ఒక్క దినమున ఎంత కురియును అను ప్రశ్నయే నగరవాసికి ముఖ్యము.

మార్గములు భేదించునది మరియొక చోట. ప్రభుత్వములు త్వరగా మేల్కొనినచో డీజిలుపై పన్నులు, విద్యుత్తుపై నియమములు ముందుగ వచ్చును. ఆలస్యముగ మేల్కొనినచో అవి ఒక్కుమ్మడిగ, కఠినముగ వచ్చును. కావున నష్టములు రెండు తెరగులు: ఆకాశమునుండి వచ్చునవి, చట్టమునుండియు విపణినుండియు వచ్చునవి. ఈ రెంటిని కలిపి చూచుటకే 2017 డిసెంబరులో పారిస్ నగరమున ఎనిమిది కేంద్ర బ్యాంకులును పర్యవేక్షక సంస్థలును ఒక కూటమిగ ఏర్పడినవి. మన రిజర్వు బ్యాంకు 2021 ఏప్రిలులో అందులో చేరినది. 2024 ఫిబ్రవరిలో, బ్యాంకులు తమకు శీతోష్ణస్థితి వలన కలుగగల నష్టములను వెల్లడింపవలెనని ఒక ముసాయిదాను కూడ ప్రకటించినది.

ఫిలిం నగరుతో దీనికేమి పని యని శ్రోతలు అడుగవచ్చును. సినిమా యనునది ముందుగా అప్పు, తరువాత కళ. 1998లో కేంద్ర ప్రభుత్వము చలనచిత్ర రంగమునకు పరిశ్రమ హోదా నిచ్చుచున్నట్లు ప్రకటించిన పిమ్మట బ్యాంకు అప్పులకు దారి ఏర్పడినది. అయినను నెలసరి వడ్డీపై ప్రైవేటు ఫైనాన్షియర్లు పెట్టు ధనమే నేటికిని మన చిత్రములకు పెద్ద ఆధారము. బ్యాంకు గాని, బీమా కంపెనీ గాని రేపు "మీ ప్రణాళికలో వానకు చోటెక్కడ?" అని అడుగక తప్పదు. బీమా రంగమును నియంత్రించు సంస్థయే మన హైదరాబాదులో నున్నది. వారు అడుగకమునుపే మనము మనలను అడిగికొనుట మంచిది.

జూబిలీ హిల్సు పేరునకు తగినట్లు కొండలే. నల్లరాతి గుట్టలు, వాటి నడుమ పల్లములు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు 22 ఎకరములలో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించునాటికి ఆ ప్రాంతము చాల వరకు బండరాళ్ళతో నిండియుండెను. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలసినవి. ఫిలిం ఛాంబరు వచ్చినది. మద్రాసులోనున్న పరిశ్రమ క్రమముగ ఇచ్చటికి తరలినది. బండ నీటిని పీల్చదు. బండపై కట్టిన సిమెంటు రోడ్డు అసలే పీల్చదు. కొండపై పడిన నీరు నిమిషములలో పల్లమునకు దిగును.

ఈ కొండలకు కొలది మైళ్ళ దూరముననున్న బేగంపేట వాతావరణ కేంద్రపు లెక్కలను చూడుడు. 2000 ఆగస్టు 24న అచ్చట ఇరువదినాలుగు గంటలలో 241.5 మిల్లీమీటర్ల వాన నమోదైనది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో సుమారు 192 మిల్లీమీటర్లు కురిసినది. వేడి సంగతి చూచినచో, 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైనది. ఇవి జరిగిపోయిన సంగతులు, కథలు కావు. ఒక నగరము ఇదివరకే చూచినదానిని కూడ తన లెక్కలో చేర్చకుండుట వింత కాదా?

ఈ విషయమున హైదరాబాదునకు ఒక గొప్ప పూర్వోదాహరణము కలదు. 1908 సెప్టెంబరు చివర మూసీనది పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వము పిలిపించెను. నగరమును తిరిగి కట్టుటకు మాత్రమే గాక, రాబోవు వరదలనుండి కాపాడుటకు ఉపాయము చెప్పుడని వారిని కోరిరి. ఆ ఆలోచన ఫలితమే 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరము, 1927లో పూర్తియైన హిమాయత్ సాగరము. వారి చేతిలో నేటి గణకయంత్రములు లేవు. మరల అంతటి వాన వచ్చినచో నీరు ఎచ్చట నిలువవలెను అను ప్రశ్న మాత్రము ఉండెను. ఆ ప్రశ్నయే సినారియోకు ప్రాణము.

ఇక ఒక చిత్రపు లెక్క చూతము. అంకెలు ఉదాహరణమునకై అనుకొన్నవి; పద్ధతి మాత్రము నిజమైనది. ఒక నిర్మాత నెలకు రెండు శాతము వడ్డీకి 20 కోట్లు తెచ్చినాడనుకొందము. సంక్రాంతికి విడుదల. ఆగస్టు మొదలు అక్టోబరు వరకు 30 దినములు ఆరుబయట చిత్రీకరణము. దినమునకు ఖర్చు 12 లక్షలు. బయలున వేసిన సెట్టునకు 80 లక్షలు.

మొదటి కథలో వానలు మామూలుగ పడినవి. మూడు దినములు షూటింగు ఆగినది. నష్టము 36 లక్షలు. ఈ మాత్రము అనుభవము గల ప్రొడక్షను మేనేజరు ఎట్లును బడ్జెట్టులో వేసియుంచును. రెండవ కథలో ఆరు దినములు పోయినవి. నష్టము 72 లక్షలు. అయినను విడుదల తేదీ నిలిచినది. మూడవ కథలో ఆరు దినములు పోవుటయే గాక ఒక్క రాత్రి వానకు సెట్టు కూలినది. మరల కట్టునప్పటికి ముఖ్యనటుల కాల్షీట్లు చెల్లిపోయినవి. సంక్రాంతి తప్పి, విడుదల మూడు నెలలు వెనుకకు జరిగినది. ఇప్పుడు లెక్క వేయుడు. దినముల నష్టము 72 లక్షలు. సెట్టు 80 లక్షలు. 20 కోట్లపై మూడు నెలల వడ్డీ ఒక కోటి 20 లక్షలు. మొత్తము 2 కోట్ల 72 లక్షలు.

ఇందులో అన్నిటికంటె పెద్ద అంకె ఏది? ఆగిన దినములు కావు, కూలిన సెట్టు కాదు, వడ్డీ. పండుగ తప్పుట వలన తగ్గు వసూళ్ళను ఇంకను కలుపలేదు. తేదీ తప్పుటలోని బరువు మనవారికి తెలియనిది కాదు. "ఆర్.ఆర్.ఆర్." చిత్రము 2020 జూలై 30 నుండి పలుమార్లు వాయిదా పడి 2022 మార్చి 25న విడుదలైన సంగతి అందరును ఎరుగుదురు. అంతటి నిబ్బరము చిన్న నిర్మాతకు ఎక్కడిది? మూడవ కథ వ్రాసికొనకమునుపు అతడు వానను గూర్చి భయపడుచుండెను. వ్రాసికొన్న పిమ్మట, తాను భయపడవలసినది తన అప్పుపత్రములోని తేదీని గూర్చి యని తెలిసికొనును. సినారియో చేయు మేలు ఇదియే.

అప్పుడు ఉపాయములు కూడ వేరగును. ఆరుబయటి పనిని జనవరి, ఫిబ్రవరి మాసములకు జరిపి, వానకాలమున ఫ్లోరులోని దృశ్యములు పెట్టుకొనుట మూడు కథలలోను మేలు చేయును. కావున అది మొదటిది. సెట్టును మెరకపై కట్టి, నీరు పోవుటకు కాలువ తీయుటకు ఖర్చు స్వల్పము, అది రెండవది. మూడవ కథలో మాత్రమే వచ్చు పెద్ద నష్టమునకు బీమా తగినది. కాని బీమా పత్రమును చివరి వరకు చదువవలెను. కూలిన సెట్టునకు సొమ్మిచ్చు పత్రము, తప్పిన తేదీకి ఇచ్చునని అనుకొనరాదు. ఫైనాన్షియరుతో వ్రాసికొను ఒప్పందములో ప్రకృతి వైపరీత్యమునకు ఒక నెల గడువు అడుగుటకు కాసు ఖర్చు లేదు. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్విన చందమున, వాన పడిన తరువాత అడిగిన నెవరును ఈయరు.

ఒక విచక్షణ ఇచ్చట అవసరము. ఒక చిత్రము ఏడాది, రెండేండ్లలో ముగియు వ్యాపారము. దానికి 2050 నాటి కథలతో పని లేదు. గడచిన ముప్పది యేండ్ల దినవారీ వర్షపు లెక్కలును, వాతావరణ శాఖ ఋతువునకు ముందు చెప్పు సూచనలును చాలును. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ నగరములో పెక్కుచోట్ల స్వయంచాలక వర్షమాపకములను ఉంచి లెక్కలు ప్రకటించుచున్నది. ఐ.పి.సి.సి. మార్గములు కావలసినది స్టూడియో కట్టువానికి, థియేటరు కట్టువానికి, వారికి పదునైదేండ్ల అప్పు ఇచ్చు బ్యాంకునకు. వానకాలపు షెడ్యూలునకు శతాబ్దాంతపు కథను, శతాబ్దాంతపు కట్టడమునకు నిరుటి వానను కొలతగా తీసికొనుట రెండును తప్పులే.

స్టూడియో యజమాని లెక్క ఎట్లుండును? ఎండలు పెరిగినకొలది ఫ్లోరును చల్లబరచు ఖర్చు పెరుగును. వానలకు భయపడి బయటి పని లోపలికి వచ్చినకొలది ఫ్లోరులకు గిరాకీ పెరుగును. అన్నపూర్ణ స్టూడియోలో 2023 నాటికి వర్చువల్ ప్రొడక్షను వేదిక ఏర్పడినది. పెద్ద ఎల్.ఇ.డి. తెరపై కొండలను, అడవులను చూపి, వాటి యెదుట నటులను నిలిపి చిత్రీకరించు ఏర్పాటది. వానవచ్చిన దినము పోదు. అయితే అట్టి తెర, దానిని నడుపు యంత్రములు, వాటిని చల్లబరచు ఏర్పాటు అన్నియు విద్యుత్తు మీద ఆధారపడినవే. ఆకాశపు నష్టమును తప్పించుకొనుటకు వేసిన అడుగు, విద్యుత్తు ధర అను రెండవ తెరగు నష్టమునకు ఎదురుగ నిలుపును. కావున పైకప్పుపై సౌరఫలకములు, డీజిలు జనరేటరునకు మారుగ మరియొక ఏర్పాటు మున్నగువానిని అదే లెక్కలో చేర్చి చూడవలెను. ఒక నష్టమును విడిగ చూచినవాడు మరియొకదానిని నెత్తికెత్తుకొనును.

పంపిణీదారుని లెక్క వేరు. నైజాము, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని మన చిత్ర వ్యాపారము ప్రాంతములుగ విభజింపబడియున్నది. వీనిలో అధికభాగము సముద్రతీరమే. దసరా, దీపావళి విడుదలలు వచ్చు అక్టోబరు, నవంబరు మాసములే తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు ఆ నగరము దినముల తరబడి చీకటిలో నుండెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలు మునిగినవి. ఒక్క ప్రాంతము హక్కులను మాత్రమే కొన్న పంపిణీదారునకు ఒక్క తుపాను చాలును. రెండు మూడు ప్రాంతములవారు నష్టమును కొంత పంచుకొను ఒప్పందము, తుపాను మాసములలో అడ్వాన్సును భాగములుగ చెల్లించు పద్ధతి - ఇట్టివి ఆలోచింపదగినవి.

ఇంతవరకు చెప్పినది ధనము పెట్టినవారి లెక్క. కాని జూబిలీ హిల్సు కొండ దిగినచో కృష్ణానగరు కలదు. జూనియరు ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్, కాస్ట్యూము పనివారు, డ్రైవరులు అనేకులు అచ్చట అద్దె యిండ్లలో నివసింతురు. కొండపై కురిసిన వాన ఆ వీధులలోనికే దిగి నిలుచును. పెద్ద వాన కురిసిన నాడు పైన షూటింగు రద్దు. క్రింద యింటిలో నీరు. ఆ దినము కూలి రాదు. తడిసిన బియ్యము, పాడైన పరుపు అదనపు నష్టము. నిర్మాత లెక్కలో మూడు దినముల నష్టము 36 లక్షలని వ్రాసితిమి. అందులో దినకూలి పనివాని మూడు దినముల కూలి ఎచ్చట నున్నది? షూటింగు లేనందున అది ఖర్చుగ కనబడదు; మీదు మిక్కిలి మిగులుగ కనబడును. మన మూడు కథలలోను పాత్రధారియై యుండియు అతని పేరు ఏ కథలోను రాలేదు.

ఇతరుల ఆపదలో చేయి చాచు గుణము మన సినిమావారికి నిండుగ కలదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినపుడు నందమూరి తారక రామారావుగారు, నాగేశ్వరరావుగారు వీధివీధి తిరిగి విరాళములు సేకరించినారు. హుద్‌హుద్ తరువాత 2014 నవంబరులో పరిశ్రమ యంతయు "మేము సైతం" అను కార్యక్రమముతో ముందుకు వచ్చినది. అది వచ్చిన ఆపదకు దానము. రాబోవు ఆపదకు కావలసినది ఏర్పాటు. ప్రతి చిత్రపు బడ్జెట్టులో వాన దినములకును, వడగాలి దినములకును కూలివారికి సగము కూలియైనను ఇచ్చుటకు ఒక పద్దు వేయుట పెద్ద భారము కాదు. పైన చెప్పిన ఉదాహరణములో ఖర్చు 12 లక్షలలో దినకూలివారి భాగము 2 లక్షలనుకొన్నచో, ఆరు దినములకు సగము కూలి 6 లక్షలు. 2 కోట్ల 72 లక్షల ఎదుట అదెంత? వేసవిలో నడుమధ్యాహ్నపు ఆరుబయటి చిత్రీకరణమును మానుకొనుట కూడ ఇట్టిదే. 2015 మేలో వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశముననే వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో నటులకు గొడుగు పట్టువానికి గొడుగెవరు పట్టుదురు?

ఈ పద్ధతిని చెడగొట్టు మార్గములును కలవు. అంకెలు అందముగ కనబడుటకు మెత్తని కథను మాత్రమే ఏరుకొనుట ఒకటి. అందరిని భయపెట్టుటకు కఠినమైన కథను మాత్రమే చెప్పుట రెండవది. నివేదిక వ్రాసి బీరువాలో పెట్టి, నిర్ణయములు మునుపటివలెనే చేయుట మూడవది. ఇది అన్నిటికంటె సులభము కావున అన్నిటికంటె తరచు. ఒక్క నిర్ణయమునైనను మార్చని సినారియో, కాగితమునకు సిరాకు దండుగ.

సినిమా తీయనివారికిని ఇది పనికివచ్చును. ఇల్లు కట్టుకొనువారు, కిరాణా కొట్టు నడుపువారు, పిల్లల చదువుకు అప్పు చేయువారు ఒక సాయంకాలము కూర్చుండి మూడు కథలు వ్రాసికొనవచ్చును. నీరు ఎంతవరకు వచ్చును, సరకు ఎచ్చట నుండును, ఆ నెల వాయిదా ఎవరు కట్టుదురు - అను మూడు ప్రశ్నలు చాలును. మూడింటిలోను మేలుచేయు పని ఏదో తేలినచో, దానిని వానకాలమునకు ముందే చేయవలెను.

వాన ఎప్పుడు వచ్చునో నేటికిని ఎవరును ఖచ్చితముగ చెప్పజాలరు. వచ్చిన నాడు నష్టము ఎవరికెంతయో మాత్రము నేడే వ్రాసికొనవచ్చును. ఆ పట్టికలో కొండమీది పేర్లతోపాటు కొండక్రింది పేర్లును ఉన్నచో, అది సరియైన లెక్క యగును.